సైబర్ సెక్యూరిటీ డిగ్రీలో చేరారా? కోర్సు అయ్యేలోపు చేతికి పని ఎలా రావాలంటే

ఈ కోర్సులో చేరినవాళ్లు దాదాపు అందరూ మొదటి వారంలో చేసే పని ఒకటే, కాళీ లైనక్స్, అంటే హ్యాకింగ్ టూల్స్ ముందే పెట్టి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్, డౌన్‌లోడ్ చేసుకోవడం. నేనూ అదే చేశా. నల్లటి స్క్రీన్, మెనూ నిండా వందల టూల్స్, ఒక్కోటి ఓపెన్ చేయడం, ఏమీ అర్థం కాక మూసేయడం, మళ్లీ ఇంకోటి. అలా ఒక సెమిస్టర్ గడిచిపోయింది, నాకేమో చాలా వచ్చేసిందన్న ఫీలింగు. ఆ తర్వాత మొదటి ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ చేసినాయన అడిగిన మొదటి ప్రశ్న, "బ్రౌజర్‌లో ఒక సైట్ అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే, పేజీ వచ్చేలోపు ఏమేం జరుగుతాయి? తెలిసినంత చెప్పండి." డీఎన్ఎస్ అన్నా, సైట్ పేరుకి నంబర్ అడ్రస్ వెతికిపెట్టేది. తర్వాత సర్వర్ అన్నా. ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఆయన ఇంకేం అడగలేదు, థాంక్యూ అన్నాడు, అంతే.

ఇప్పుడు నేను రోజూ అలర్ట్లు చూసే ఉద్యోగం చేస్తున్నా, అప్పుడప్పుడూ ఇంటర్న్‌లని తీసుకునేటప్పుడు అవతలి కుర్చీలో కూర్చుంటున్నా, అదే ప్రశ్న అడుగుతున్నా, చాలామంది నేను ఆగిపోయిన చోటే ఆగిపోతున్నారు. టూల్ పేర్లు గడగడా చెప్తారు, అది లోపల ఏం చేస్తుందంటే మాత్రం దిక్కులు చూస్తారు. కాబట్టి కింద రాసిందంతా ఒక్కదాని కోసమే అనుకోండి: మీరు చేసిన ప్రతి పనీ ఎందుకలా జరిగిందో మీ సొంత మాటల్లో చెప్పగలగాలి.

ముందు, ఇందులో ఏ ఉద్యోగాలుంటాయో చూసుకోండి

సైబర్ సెక్యూరిటీ అనగానే అందరికీ హ్యాకింగే గుర్తొస్తుంది గానీ, ఫ్రెషర్లు ఎక్కువగా అడుగుపెట్టేది కాపలా కాసే వైపే. సాక్ అంటారు, సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అక్కడ అలర్ట్లు చూసి ఏది నిజం ఏది ఉత్తదో తేల్చాలి. పర్మిషన్ తీసుకుని సిస్టమ్స్‌ని పగలగొట్టి రిపోర్ట్ ఇచ్చేది పెన్‌టెస్టింగ్. డెవలపర్ల పక్కన కూర్చుని కోడ్‌లో లోపాలు పట్టేది యాప్‌సెక్. క్లౌడ్ సెక్యూరిటీ, ఫోరెన్సిక్స్ ఉన్నాయి. ఇక జీఆర్‌సీ అని ఒకటుంది, రూల్స్, రిస్కులు, ఆడిట్లు, ఎక్సెల్ షీట్లు. దీన్ని స్టూడెంట్స్ చిన్నచూపు చూస్తారు, నేనూ చూశా.

కానీ 2017లో ఈక్విఫాక్స్ అనే అమెరికా క్రెడిట్ రిపోర్టుల కంపెనీలో ఏం జరిగిందో ఒకసారి చదవండి. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. దారి ఇచ్చింది అపాచీ స్ట్రట్స్ అనే, వెబ్ యాప్‌లు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం, దానికి ప్యాచ్, అంటే సరిచేసే అప్‌డేట్, మార్చిలోనే వచ్చేసింది, వీళ్ల దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ నడుస్తోందో సరైన లిస్ట్ లేక ఒక చోట మిగిలిపోయింది. పైగా ట్రాఫిక్‌ని తనిఖీ చేసే డివైస్‌లో, ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని విప్పడానికి కావాల్సిన సర్టిఫికెట్ ఎక్స్‌పైర్ అయిపోయి ఉంది, దాంతో దొంగ లోపల తిరుగుతున్నా ఆ డివైస్ కంటికి ఆనలేదు, జులైలో సర్టిఫికెట్ మార్చాకే అనుమానం ట్రాఫిక్ బయటపడింది. లిస్ట్ మెయింటైన్ చేయడం, సర్టిఫికెట్ తేదీలు చూసుకోవడం, ఈ రెండూ ఎక్సెల్ షీట్ పనులే కదా!

మొదటి ఏడాదిలోనే ఏదో ఒకటి తేల్చేసుకోవాల్సిన పనిలేదు. అన్నీ కాస్త కాస్త రుచి చూడండి, మూడో ఏడాదికి మనసు ఎటు లాగుతుందో మీకే తెలిసిపోతుంది.

1. ఆ బ్రౌజర్ ప్రశ్నకి జవాబు కళ్లతో చూడండి

నెట్‌వర్కింగ్ పుస్తకంలో ఏడు లేయర్లు బట్టీ పట్టడం పరీక్షకి. అర్థం కావాలంటే వైర్‌షార్క్ పెట్టుకోండి, ఫ్రీ సాఫ్ట్‌వేర్, మీ మెషీన్ నుంచి వెళ్లే ప్రతి ప్యాకెట్‌నీ విప్పి చూపిస్తుంది.

క్యాప్చర్ ఆన్ చేసి, టెర్మినల్‌లో కర్ల్ కమాండ్‌తో ఏదైనా ఒక సైట్‌ని పిలవండి. బ్రౌజర్‌తో ఎందుకు వద్దంటున్నానంటే, బ్రౌజర్ ఒక పేజీకి యాభై చోట్లకి వెళ్తుంది, ప్యాకెట్ల వరదలో మీరు కొట్టుకుపోతారు. అదీగాక ఇప్పటి బ్రౌజర్లు చాలావరకు డీఎన్ఎస్‌ని కూడా హెచ్‌టీటీపీఎస్ లోపల దాచి పంపొచ్చు, టీసీపీ బదులు యూడీపీ మీద నడిచే క్విక్ ప్రోటోకాల్ వాడొచ్చు, అప్పుడు పుస్తకంలో చదివిన, టీసీపీ కనెక్షన్ మొదలుపెట్టే సిన్, సిన్-యాక్, యాక్ ఎక్కడా కనపడక నాకేదో తప్పు జరిగిందని తల పట్టుకుంటారు. నేను ఒక ఆదివారం పూర్తిగా అలాగే పోగొట్టుకున్నా.

కర్ల్‌తో అయితే శుభ్రంగా కనిపిస్తుంది. ముందు మీ మెషీన్ నుంచి 53 పోర్ట్‌కి (పోర్ట్ అంటే ఒక్కో సర్వీసుకి ఉండే నంబర్ వేసిన తలుపు) ఒక డీఎన్ఎస్ ప్రశ్న వెళ్తుంది, ఈ పేరుకి ఐపీ, అంటే నంబర్ అడ్రస్, ఎంత అని. జవాబు వస్తుంది. ఆ ఐపీ 443 పోర్ట్‌కి సిన్, అవతలి నుంచి సిన్-యాక్, ఇటు నుంచి యాక్. ఇప్పుడు క్లయింట్ హలో అనే ప్యాకెట్ వస్తుంది, దాన్ని విప్పి సర్వర్ నేమ్ అనే ఫీల్డ్ వెతకండి. మీరు వెళ్తున్న సైట్ పేరు అక్కడ మామూలుగా పచ్చిగా చదవగలిగేలా ఉంటుంది! హెచ్‌టీటీపీఎస్ అంటే అంతా రహస్యమే అనుకుంటాం కదా, పేజీలో ఏముందో దాస్తుంది గానీ ఏ సైట్‌కి వెళ్తున్నారో మధ్యలో ఉన్నవాడికి చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. ఇంకో తేడా గమనించండి, హెచ్‌టీటీపీఎస్‌లో ఎన్‌క్రిప్షన్ పని చేసే టీఎల్ఎస్ 1.2 కనెక్షన్ అయితే సర్వర్ పంపే సర్టిఫికెట్ కూడా క్యాప్చర్‌లో చదవొచ్చు, 2018లో వచ్చిన 1.3లో అది ఎన్‌క్రిప్ట్ అయిపోయి వస్తుంది. ఇది ఒక్కసారి చూశాక ఏ పుస్తకమూ తెరవకుండా పది నిమిషాలు మాట్లాడగలరు.

2. లైనక్స్, మౌస్ ముట్టుకోకుండా

ఓవర్‌ద‌వైర్ వాళ్ల బండిట్ అనే గేమ్ ఉంది, డబ్బులేం కట్టక్కర్లేదు. 2220 పోర్ట్‌కి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరంగా ఉన్న మెషీన్‌ని టెర్మినల్ నుంచి నడిపే దారిలో, లాగిన్ అవ్వాలి, ఒక్కో లెవెల్‌లో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ ఎక్కడో దాగి ఉంటుంది.

రెండో పాస్‌వర్డ్ దగ్గరే ఒక తమాషా ఉంది. ఫైల్ పేరు ఒట్టి డాష్. అంతే, ఒక్క చిన్న గీత. ఫైల్‌లో ఉన్నది చూపించే కమాండ్ క్యాట్ అని రాసి పక్కన డాష్ కొడితే ఫైల్ తెరుచుకోదు, కర్సర్ మినుకుమినుకుమంటూ అలా ఉండిపోతుంది, హ్యాంగ్ అయిందేమో అనుకుంటాం. హ్యాంగ్ ఏమీ కాలేదు, చాలా లైనక్స్ కమాండ్లకి డాష్ అంటే "కీబోర్డ్ నుంచి వచ్చేది చదువు" అని అర్థం, అది మీరు టైప్ చేస్తారని ఎదురు చూస్తోంది. ముందు డాట్, స్లాష్ పెట్టి తర్వాత డాష్ రాస్తే "ఈ ఫోల్డర్‌లో ఉన్న డాష్ అనే ఫైల్" అని అర్థమై తెరుచుకుంటుంది. చిన్న విషయమే గానీ సెక్యూరిటీ మొత్తం ఇందులోనే ఉందంటా నేను, మనం డేటా అనుకుని ఇచ్చింది ప్రోగ్రాం కమాండ్‌గా తీసుకుంది, కమాండ్ ఇంజెక్షన్ అయినా డేటాబేస్ మీద చేసే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అయినా చివరికి ఈ గొడవే.

లెవెల్‌కి అరగంట పట్టినా పర్లేదు, ఆన్సర్ వెతుక్కోకండి. మాన్ పేజీలు, అంటే కమాండ్ల మాన్యువల్స్, చదవడం అలవాటవ్వాలి, ఉద్యోగంలో రోజూ చేసేది అదే.

3. కోడ్ రాదంటే కుదరదు

"సెక్యూరిటీకి ప్రోగ్రామింగ్ అక్కర్లేదట కదా" అని జూనియర్లు అడుగుతుంటారు. జీఆర్‌సీ వైపు వెళ్తే కొంతవరకు నిజం. మిగతా ఎక్కడైనా రెండు కావాలి: పైథాన్ బాగా, సీ కొద్దిగా. పైథాన్ ఎందుకంటే రోజువారీ పనులకి, లాగ్ ఫైల్ చదివి లెక్కలు తీయడం, వేరే సర్వీసుతో ప్రోగ్రాం మాట్లాడే ఏపీఐని పిలవడం లాంటివి. సీ ఎందుకంటే మెమరీ అంటే ఏంటో అదొక్కటే మొహం మీద కొట్టినట్టు చూపిస్తుంది.

2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపాన్ని తీసుకోండి. హెచ్‌టీటీపీఎస్ కోసం చాలా సర్వర్లు వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బీట్ అని ఒక ఫీచర్, కనెక్షన్ బతికే ఉందా అని చూడ్డానికి. ఇటువాడు ఒక చిన్న మాట పంపి "ఇది ఇన్ని బైట్లు, తిరిగి పంపు" అంటాడు, సర్వర్ అదే మాట తిరిగి పంపాలి. మాట నిజంగా ఒక్క బైటే ఉండి, పొడవు మాత్రం అరవై వేలని అబద్ధం చెప్తే? సర్వర్ చెక్ చేసుకోలేదు, నమ్మేసి ఆ ఒక్క బైట్ తర్వాత మెమరీలో ఏముంటే అది కలిపి పంపేసింది, ఒక్కో దఫాకి 64 కేబీ వరకు. అందులో పాస్‌వర్డ్లు ఉండొచ్చు, ప్రైవేట్ కీలు ఉండొచ్చు. సీలో ఒక అర్రే రాసి, దాని సైజు దాటి చదివి, పక్కన ఏం పడి ఉందో ప్రింట్ చేసి చూడండి, పది లైన్ల ప్రోగ్రాం. హార్ట్‌బ్లీడ్ గురించి ఎన్ని ఆర్టికల్స్ చదివినా రాని గ్రహింపు ఆ పది లైన్లలో వస్తుంది.

4. సొంత ల్యాబ్, నెట్‌వర్క్ సెట్టింగ్ జాగ్రత్త

ఒక కంప్యూటర్ లోపలే ఇంకొన్ని మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ చాలు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే రెండు చిన్న మెషీన్లు కష్టం మీద నడుస్తాయి, 16 ఉంటే హాయి. ఒకదాంట్లో కాళీ, ఇంకోదాంట్లో మెటాస్ప్లాయిటబుల్ 2, అంటే ప్రాక్టీస్ కోసమని కావాలనే చిల్లులు పెట్టి వదిలిన లైనక్స్.

నేను చేసిన తప్పు మీరు చేయకండి. దాని నెట్‌వర్క్‌ని బ్రిడ్జ్‌డ్‌లో పెట్టా, బ్రిడ్జ్‌డ్ అంటే ఆ మెషీన్ కూడా బయటి నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్‌లా కూర్చుంటుంది. నిండా చిల్లులున్న మెషీన్‌ని కాలేజీ నెట్‌వర్క్ మీద పెట్టి, పైగా స్కాన్ చేసేటప్పుడు రేంజ్ తప్పుగా ఇచ్చి పక్కవాళ్ల మెషీన్లన్నీ స్కాన్ చేసేశా. రెండు రోజులు నా లాగిన్ బ్లాక్ చేశారు, పిలిచి గట్టిగానే తిట్టారు, తిట్టడంలో తప్పు లేదు. హోస్ట్-ఓన్లీ అనే ఆప్షన్ పెట్టండి, మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, బయటికి పోవు. ఏం చేసే ముందైనా స్నాప్‌షాట్ తీసుకోండి, పాడైతే ఒక్క క్లిక్‌తో వెనక్కి.

ఇప్పుడు ఎన్‌మ్యాప్ అనే పోర్ట్ స్కానర్‌తో వెర్షన్లతో సహా స్కాన్ చేస్తే 21 పోర్ట్‌లో వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైల్ సర్వర్ కనిపిస్తుంది. 2011లో దాని డౌన్‌లోడ్ ఫైల్‌లోకి ఎవరో దొంగతనంగా వెనక తలుపు ఒకటి దూర్చారు. యూజర్‌నేమ్ చివర కోలన్, బ్రాకెట్ పెట్టి, అదే మనం చాటింగ్‌లో కొట్టే నవ్వు మొహం, లాగిన్ ప్రయత్నిస్తే 6200 పోర్ట్ తెరుచుకుని రూట్ షెల్, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న కమాండ్ లైన్, ఇస్తుంది. అందరూ ఏం చేస్తారంటే రెడీమేడ్ దాడులు ఉండే మెటాస్ప్లాయిట్‌లో మాడ్యూల్ లోడ్ చేసి రన్ కొట్టి, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుంటారు. మీరు అలా కాదు, ఒక టెర్మినల్‌లో ఏ పోర్ట్‌కైనా నేరుగా కలిపే నెట్‌క్యాట్‌తో 21కి కనెక్ట్ అయి, USER కమాండ్‌తో ఆ యూజర్‌నేమ్, తర్వాత PASS కమాండ్‌తో ఏదో ఒక పాస్‌వర్డ్ చేత్తో టైప్ చేయండి, ఇంకో టెర్మినల్ నుంచి 6200కి కనెక్ట్ అవ్వండి. పక్కన వైర్‌షార్క్ ఆన్‌లో పెట్టుకుని అదంతా ప్యాకెట్లలో ఎలా ఉందో కూడా చూడండి. అయ్యాక ఒక ప్రశ్న వేసుకోండి, ఇదే మెషీన్‌కి నేను కాపలా ఉంటే దీన్ని ఎలా పట్టుకునేవాణ్ని? ఈ ప్రశ్న వేసుకోవడం మొదలైన రోజు నుంచి మీరు స్టూడెంట్ కాదు.

5. గీత దాటొద్దు

ఇది చిన్నగా చెప్పి వదిలేసే విషయం కాదు. 1988 నవంబర్ 2న అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో చదువుతున్న రాబర్ట్ మోరిస్ అనే స్టూడెంట్ ఒక ప్రోగ్రాం వదిలాడు, తనంతట తను ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకే రకం. మెషీన్‌లో ఇప్పటికే తన కాపీ ఉంటే ఆగిపోవాలి, కానీ అడ్మిన్‌లు ఉత్తుత్తి కాపీ చూపించి మోసం చేస్తారేమోనని, ఏడుసార్లలో ఒకసారి ఉన్నా సరే మళ్లీ ఎక్కెయ్ అని రాశాడు. ఆ ఏడులో ఒకటి అనేదే కొంప ముంచింది, ఒక్కో మెషీన్‌లో కాపీల మీద కాపీలు చేరి మెషీన్లు కదల్లేక చతికిలబడ్డాయి. అప్పటి అంచనా ప్రకారం దాదాపు 6000 మెషీన్లు, అంటే ఆనాటి ఇంటర్నెట్‌లో పదో వంతు. పాడుచేద్దామన్న ఉద్దేశం ఉందా లేదా అన్నది కోర్టుకి పెద్దగా పట్టలేదు, మూడేళ్లు ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా పడింది.

మీ రూల్ ఒక్కటే: మీది కానిది, రాతపూర్వకంగా పర్మిషన్ లేనిది ముట్టుకోవద్దు. ఫ్రెండ్ నోటితో ఓకే అన్నాడంటే అది పర్మిషన్ కాదు. బగ్ బౌంటీ ప్రోగ్రాంలలో, అంటే లోపం పట్టి చెప్తే కంపెనీలు బహుమతి ఇచ్చేవాటిలో, స్కోప్ అని రాసి ఉంటుంది, ఏ డొమైన్లు ముట్టుకోవచ్చు, ఏం చేయకూడదు అని, దాన్ని రెండుసార్లు చదవండి. కాలేజీ పోర్టల్‌లో ఏదో లోపం కనిపించిందా, అక్కడితో ఆగిపోండి, ఇంకొంచెం లోపలికెళ్లి చూద్దాం అనిపిస్తుంది, వెళ్లకండి, చూసింది చూసినట్టు రాసి సంబంధించినవాళ్లకి పంపండి.

6. వెబ్: ముందు కట్టండి, తర్వాత పగలగొట్టండి

రెండో ఏడాదికి ఇది. పైథాన్‌లో వెబ్ యాప్‌లు కట్టే ఫ్లాస్క్‌తోనో ఇంకో దాంతోనో ఒక చిన్న యాప్ రాయండి, లాగిన్ పేజీ, లోపల నోట్స్ రాసుకునే పేజీ, అంతే. డేటాబేస్‌ని అడిగే లాగిన్ క్వెరీని కావాలనే తప్పుగా రాయండి, యూజర్ టైప్ చేసిన పేరుని అలాగే ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించేయండి. ఇప్పుడు పేరు బాక్సులో ఒక సింగిల్ కోట్ కొట్టి చూడండి, ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే మీరు కొట్టిన కోట్ క్వెరీలో తెరిచి ఉన్న కోట్‌ని మూసేసింది, అక్కణ్నుంచి మీరు టైప్ చేసిందల్లా కమాండ్ అయిపోతుంది. మళ్లీ ఆ డాష్ ఫైల్ కథే! పారామీటరైజ్డ్ క్వెరీగా, అంటే యూజర్ టైప్ చేసింది డేటాగానే విడిగా వెళ్లేలా, మార్చి మళ్లీ అదే కోట్ కొట్టండి, ఈసారి పేరులో కోట్ ఉన్న యూజర్ ఎవరూ లేరని చల్లగా చెప్తుంది.

తర్వాత నోట్స్ పేజీ అడ్రస్‌లో చివర 41 అని ఉందనుకోండి, దాన్ని 42 చేసి చూడండి. పక్కవాడి నోట్ తెరుచుకుంటే అదే యాక్సెస్ కంట్రోల్ లోపం, వెబ్ సెక్యూరిటీ మీద పనిచేసే ఓవాస్ప్ వాళ్ల 2021 టాప్ టెన్ లిస్ట్‌లో మొదటి స్థానం దానిదే. ఏ పెద్ద టూలూ అక్కర్లేదు, ఒక అంకె మార్చడమే.

మీ యాప్ అయ్యాక పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీలోకి వెళ్లండి, ఫ్రీ, ల్యాబ్స్ చాలా బాగుంటాయి. కావాలనే లోపాలతో కట్టిన జ్యూస్ షాప్ అనే యాప్ కూడా బాగుంటుంది.

7. లాగ్స్ చదవడం, ఎవరూ నేర్పని పని

లాగ్ అంటే మెషీన్ తనలో జరిగినవన్నీ రాసుకునే రికార్డు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో క్లిఫర్డ్ స్టోల్ అనే ఆస్ట్రానమర్‌కి సిస్టమ్స్ పని అప్పజెప్పారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది, అదెక్కడ పోయిందో చూడమన్నారు. పోనీలే ముప్పావు డాలరే కదా అనుకోలేదాయన, తవ్వుకుంటూ పోతే అవతలి కొసన పశ్చిమ జర్మనీలో కూర్చుని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి సమాచారం అమ్ముతున్న హ్యాకర్ దొరికాడు. సాక్ ఉద్యోగానికి కావాల్సిన బుద్ధి అదే.

మీరు చేయాల్సింది: క్లౌడ్‌లో ఒక చిన్న లైనక్స్ మెషీన్ తీసుకుని, పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ ఫైల్‌తో లాగిన్ మాత్రమే ఉంచి, ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లాగిన్ ప్రయత్నాలు రాసి ఉండే ఆథ్ లాగ్ ఫైల్ చూడండి, కొత్త డెబియన్‌లో ఆ ఫైల్ ఉండకపోవచ్చు, అప్పుడు జర్నల్‌సీటీఎల్‌తో చూడాలి. మీ మెషీన్ అడ్రస్ ఎవరికీ చెప్పలేదు కదా, అయినా ఎక్కడెక్కడి నుంచో రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అనే పేర్లతో తలుపు తడుతూనే ఉంటారు.

నేను దీని మీద పైథాన్ స్క్రిప్ట్ రాశా, ఏ ఐపీ నుంచి ఎన్ని ఫెయిలయ్యాయో లెక్క, పైన గ్రాఫ్ కూడా, రంగులతో. తీసుకెళ్లి ఒక సీనియర్‌కి చూపించా. ఆయన గ్రాఫ్ వంక చూడనే లేదు. "ఇన్ని ఫెయిల్ అయ్యాయి సరే, వీటిలో ఏదైనా ఐపీ నుంచి ఒక్కటైనా సక్సెస్ అయ్యిందా?" అన్నాడు. నా స్క్రిప్ట్, లాగిన్ సక్సెస్ అయితే పడే యాక్సెప్టెడ్ అనే మాట ఉన్న లైన్లని చదవనే లేదు! నాలుగు వందల ఫెయిల్యూర్లు రోజూ ఉండే గోల, నాలుగు వందల ఫెయిల్యూర్ల తర్వాత ఒక్క సక్సెస్, అదీ అలర్ట్. ఆ ఒక్క ప్రశ్న నాకు ఒక సబ్జెక్ట్‌తో సమానం.

విండోస్‌లో ఇదే పని ఈవెంట్ ఐడీలతో. 4625 ఫెయిలైన లాగిన్, 4624 సక్సెస్, 4720 కొత్త అకౌంట్ పుట్టింది, 1102 ఎవరో ఆడిట్ లాగ్ తుడిచేశారు, ఇది కనిపిస్తే మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చోండి. లాగాన్ టైప్ కూడా చూడాలి, రిమోట్ డెస్క్‌టాప్ అయితే 10 అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ ఎన్ఎల్ఏ, అంటే డెస్క్‌టాప్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే ఫెయిలైన ప్రయత్నాలు 3గా పడతాయి, అది తెలియక 10 కోసం వెతికి ఏం లేదని చేతులు దులుపుకునేవాళ్లని చూశా. మీ ల్యాబ్‌లో ఒక విండోస్ మెషీన్ పెట్టి, మీరే తప్పు పాస్‌వర్డ్ పదిసార్లు కొట్టి, మీరే లాగ్‌లో వెతుక్కోండి. చూసినదాన్ని, దాడి పద్ధతులన్నీ వరసగా రాసిన మైటర్ అటాక్ పట్టికలో ఏ టెక్నిక్ కిందికి వస్తుందో గుర్తుపెట్టుకుంటే ఇంటర్వ్యూలో అదే భాష మాట్లాడొచ్చు.

8. క్లాసులు ఎగ్గొట్టొద్దు, కనీసం కొన్ని

ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్, ఈ మూడూ సీరియస్‌గా చదవండి. క్రిప్టోగ్రఫీలో లెక్కలు చూసి భయపడతారు గానీ ఉద్యోగంలో కావాల్సింది ఏది ఎక్కడ వాడాలి, ఏది వాడకూడదు అని. షా-1 అనే హ్యాష్, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్ ఇచ్చేది, ఎందుకు వద్దంటారు? ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లు 2017లో చేసి చూపించారు కాబట్టి. పాస్‌వర్డ్ దాచడానికి షా-256 ఎందుకు సరిపోదు? అది చాలా వేగం, దొంగకి కూడా అంతే వేగం, అందుకే కావాలనే నెమ్మదిగా ఉండే బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటివి. ఇలా "ఎందుకు" అని రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా దయచేసి కీబోర్డ్‌లో కొట్టేవన్నీ రికార్డ్ చేసే కీలాగర్ వద్దు, ఫొటోలో మెసేజ్ దాచేది కూడా వద్దు, చూసి చూసి విసుగొచ్చింది.

9. సర్టిఫికెట్లు, సీటీఎఫ్‌లు

ఒకటి చాలు, డిగ్రీలో ఉండగా. సెక్యూరిటీ ప్లస్ మొదటిదానికి బాగుంటుంది, 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900 స్కేల్ మీద 750 రావాలి. పెన్‌టెస్టింగే నా దారి అని తేలిపోయాక దాని సర్టిఫికెట్ ఓఎస్‌సీపీ గురించి ఆలోచించండి, పరీక్షే 23 గంటల 45 నిమిషాలు, ఆ తర్వాత రిపోర్ట్ రాయడానికి ఇంకో 24 గంటలు, సరదాకి రాసేది కాదు. సీఐఎస్ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం అడుగుతారు, స్టూడెంట్‌కి ఇప్పుడే తీసుకోమని ఎవరైనా కోచింగ్ అమ్ముతుంటే లేచి వచ్చేయండి.

సీటీఎఫ్ పోటీలు, అంటే దాచిన జవాబు పట్టే సెక్యూరిటీ పజిల్స్, ఆడండి, పికోసీటీఎఫ్‌తో మొదలుపెడితే బాగుంటుంది, కార్నెగీ మెలన్ వాళ్లది. ఇద్దరు ముగ్గురు కలిసి ఆడితే ఇంకా బాగా నేర్చుకుంటారు. ర్యాంకుల పిచ్చిలో మాత్రం పడకండి, పజిల్ వేరు, పని వేరు.

10. రాయండి, రాయండి

ప్రతి ల్యాబ్ అయ్యాక ఒక పేజీ. ఏం చేద్దామనుకున్నా, ఏం చేశా, ఎక్కడ ఇరుక్కున్నా, ఎందుకు ఇరుక్కున్నా, దీన్ని ఎలా ఆపొచ్చు. ఇరుక్కున్న భాగం తీసేయకండి, చదివేవాళ్లకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే. కోడ్ పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టండి. పెట్టేముందు లోపల పాస్‌వర్డ్లు, ఏపీఐ కీలు ఉన్నాయేమో చూసుకోండి, తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్‌లలో, అంటే ముందు సేవ్ చేసిన వెర్షన్లలో, అలాగే ఉంటాయి, సెక్యూరిటీ స్టూడెంట్ రిపోలో కీ దొరికితే ఇంతకన్నా అప్రతిష్ఠ ఉండదు.

రెజ్యూమెలో "కాళీ లైనక్స్, వైర్‌షార్క్, బర్ప్ సూట్, మెటాస్ప్లాయిట్" అని వరసగా రాస్తే ఎవరూ చదవరు, అందరివీ అలాగే ఉంటాయి. దానికి బదులు "ఇంటర్నెట్‌కి తెరిచిన సర్వర్‌లో ఒక రాత్రి వచ్చిన లాగిన్ ప్రయత్నాలు విశ్లేషించి, వరస ఫెయిల్యూర్ల తర్వాత సక్సెస్ అయితే అలర్ట్ ఇచ్చే స్క్రిప్ట్ రాశా" అనండి. ఆ వాక్యం చూసి దాని గురించే ప్రశ్నలు వేస్తారు, అంటే ఇంటర్వ్యూ మీ మైదానంలోకి వచ్చినట్టే.

మొదటి ఉద్యోగం సెక్యూరిటీ పేరుతోనే రావాలని పట్టుబట్టొద్దు. హెల్ప్‌డెస్క్, నెట్‌వర్క్ సపోర్ట్, సిస్టమ్ అడ్మిన్, ఇక్కడి నుంచి వచ్చినవాళ్లు మా టీమ్‌లో ఉన్నారు, మామూలు రోజు ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు కాబట్టి తేడాగా ఉన్నది చటుక్కున పట్టేస్తారు.

ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే గుడ్డిగా ఏదో ఒకటి చెప్పకండి, "ఇది నాకు తెలియదు, కానీ ముందు ఫలానా లాగ్ చూస్తా, అందులో లేకపోతే ఫలానా చోట వెతుకుతా" అని చెప్పండి, నేనైతే దానికే మార్కులు వేస్తా. ఇంటర్న్‌షిప్‌లో చూసిన కంపెనీ స్క్రీన్‌షాట్లు, ఐపీలు మాత్రం ఎంత గొప్పగా అనిపించినా చూపించొద్దు. మొన్న ఒకబ్బాయి ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తిప్పి పాత కంపెనీ డాష్‌బోర్డ్ చూపించాడు, చాలా తెలివైన కుర్రాడు, తీసుకోలేకపోయాం.